ఘాటు దిగేముందు మూడు గొట్టాలు

కుడివైపు ముందు చక్రం నేలకు బెత్తెడు ఎత్తున వేలాడుతోంది. జాకీని ఒక్కదాన్నే నమ్ముకోకుండా ఫ్రేము కింద మందపాటి చెక్కలు రెండు వరసలు పేర్చాడు మేస్త్రి. మిగతా మూడు చక్రాలకూ ముందూ వెనకా రాళ్ళు పెట్టాం. సీలేరులో చదునైన నేల కనబడిందంటే అక్కడ ఏ క్వార్టరో బడో కట్టేసి ఉంటారు. మిగిలిందంతా ఏటివైపు జారే నేలే. ఉన్నంతలో వాలు తక్కువున్న చోటు చూసి, ఈ రోడ్డు పక్క పనసచెట్టు కింద మా పాత అంబాసిడర్ని నిలబెట్టాం.

"చక్రం తిప్పి సూడండి," అంటాడు మేస్త్రి.

తిరుగుతోంది. డ్రమ్ములో సన్నగా ఇసక రాసుకుంటున్న చప్పుడు తప్ప మరే అడ్డూ లేదు.

"ఇప్పుడు లోపలికెళ్ళి బ్రేకు గట్టిగా ఒక్కసారి తొక్కి వదిలీండి."

తొక్కి, వదిలి, దిగివచ్చి మళ్ళీ చక్రం పట్టుకున్నాను. రెండు చేతులతో లాగినా కదలదు. పెడల్ మీద ఎవరి కాలూ లేదు, అయినా బ్రేకు పట్టుకునే ఉంది. మేస్త్రి ఏమీ అనడు. చక్రం విప్పి పక్కన పడుకోబెట్టి, టార్చి తీసుకుని లోపలికి వంగుతాడు. రండి, మీరూ ఇటు వంగి చూడండి. మడ్డి, ఎర్రమట్టి, ఎండిన ఆకుల పొడి పేరుకున్న ఆ గూట్లో ఫ్రేము నుంచి డ్రమ్ము వెనక్కి ఒక నల్లటి రబ్బరు గొట్టం వంగి వెళుతోంది. జానెడు పైచిలుకు పొడవు, చిటికెనవేలంత లావు. చూడ్డానికి ఏ లోపమూ లేదు. పగుళ్ళు లేవు, తడి లేదు.

నిన్న ధారకొండ దగ్గర్నుంచి దిగుతున్నప్పుడే ఈ అనుమానం పుట్టింది. బ్రేకు తొక్కగానే బండి కొంచెం ఎడమకు లాగుతోంది. కాలు తీశాక కుడికి లాగుతోంది. ఈ దారిన పోయే బళ్ళన్నీ ఆగినట్టే ధారాలమ్మ గుడి దగ్గర ఆగి, అమ్మవారికి దండం పెట్టుకుని, నాలుగు చక్రాల దగ్గరా వరసగా అరచెయ్యి పెట్టి చూశాను. మూడింటి దగ్గర గోరువెచ్చన. కుడి ముందు చక్రం దగ్గర మాత్రం చెయ్యి నిలవలేదు. అక్కణ్ణుంచి సీలేరు దాకా రెండో గేరు వదలకుండా, పెడల్‌ని వీలైనంత తక్కువగా ముట్టుకుంటూ వచ్చాం.

మేస్త్రి ఇప్పుడు చేస్తున్న పని జాగ్రత్తగా చూడండి. రబ్బరు గొట్టానికి ఎగువన, ఇనప పైపు వచ్చి కలిసే చోట ఒక చిన్న నట్టు ఉంది. దాన్ని కొద్దిగా వదిలించాడు. ఒక చుక్క బ్రేకాయిలు కారింది. చక్రం ఇంకా బిగుసుకునే ఉంది. పెడల్ తొక్కితే ఆయిల్ని లైన్లోకి తోసే మాస్టర్ సిలిండరులో ప్రెషరు నిలిచిపోయి ఉంటే ఈ పాటికి అది బయటపడి చక్రం వదిలేయాలి. వదల్లేదు కాబట్టి మాస్టర్ సిలిండరు తప్పేం లేదు. ఆ నట్టు బిగించి, డ్రమ్ము వెనక, లైనులోని గాలి తీయడానికి ఉన్న బ్లీడర్ నిపిల్ వదిలించాడు. చుర్రున ఆయిలు చిమ్మింది. చెయ్యి వేస్తే చక్రం హాయిగా తిరిగింది. పైన ప్రెషరు లేదు, కింద ఉంది. రెండింటికీ మధ్య ఉన్నది ఈ గొట్టం ఒక్కటే.

"ముసలిదైపోనాదండి. నోపల పూడిపోనాది. కాలితో తోసినప్పుడు ఆయిలు యెల్తాది, తిరిగి రాదు."

బ్రేకు హోసు చెడిపోవడంలో ఉన్న ప్రమాదం ఇదే. పైన పగిలితే కంటికి కనబడుతుంది. ఉబ్బితే పెడల్ మెత్తబడి కాలికి తెలుస్తుంది. లోపలి రబ్బరు వాచి, పొర ఊడి, దారికి అడ్డం పడితే మాత్రం పైన నిగనిగలాడుతూనే ఉంటుంది. కాలి బలం ఎక్కువ కాబట్టి తొక్కినప్పుడు ఆయిలు ఎలాగోలా చక్రానికి చేరుతుంది, కాస్త ఆలస్యంగా. అందుకే మొదట ఎడమ చక్రం పట్టి బండి అటు లాగింది. కాలు తీశాక ఆయిల్ని వెనక్కి తోసేది డ్రమ్ములోని స్ప్రింగులు మాత్రమే. వాటికి అంత బలం లేదు. షూలు డ్రమ్ముని ఒరుసుకుంటూనే ఉంటాయి, కాబట్టి తర్వాత కుడికి లాగింది. అలా ఒరుసుకుంటూ ఘాటంతా దిగితే డ్రమ్ము కాగుతుంది, దాని వెనకున్న సిలిండరు కాగుతుంది, అందులోని ఆయిలు కాగుతుంది.

ఎంత కాగుతుందో ఒక లెక్క చెప్పుకోవచ్చు. మనుషులూ సామాన్లతో కలిపి బండి 1,500 కిలోలనుకుందాం. నిట్టనిలువుగా 500 మీటర్ల ఎత్తు దిగితే, ఆ దిగుడులో వెలువడే శక్తి 20 లీటర్ల పైచిలుకు చల్లటి నీళ్ళను మరిగే దాకా తెస్తుంది. ఇంజను గేరులో ఉంటే అందులో చాలా భాగం ఇంజను మింగుతుంది. న్యూట్రల్లో దిగేవాడు ఆ మొత్తాన్నీ నాలుగు డ్రమ్ముల మీద వేస్తాడు. డాట్-3 ఆయిలు సీసా కొత్తగా తెరిచినప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగదు. తేమ పీల్చుకున్నాక 140 డిగ్రీలకే మరగొచ్చు. మరిగితే లైనులో ఆవిరి బుడగలు పుడతాయి. ఆయిలు నొక్కితే నలగదు, ఆవిరి నలుగుతుంది. అప్పుడు పెడల్ నేల దాకా వెళ్ళిపోతుంది, బండి మాత్రం ఆగదు. ఆ మలుపుల్లో, పక్కన రక్షణగోడ లేని చోట, అలాంటి క్షణం ఎవరికీ రాకూడదు.

ఈ ఊళ్ళో ప్రెషరు గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. ఊరే దాని మీద పుట్టింది. పైన మాచ్‌ఖండ్‌గా పారిన నది ఇక్కడికొచ్చేసరికి సీలేరు. గుంటవాడ దగ్గర నీళ్ళను ఆపి, కొండ మీంచి పెన్‌స్టాక్ గొట్టాల్లో దించి, ఎగువ సీలేరు పవర్‌హౌస్‌లో 60 మెగావాట్ల యూనిట్లు 4 తిప్పుతారు. మొదటి రెండూ 1967, 1968ల్లో వచ్చాయి, తర్వాతి రెండూ 1994, 1995ల్లో. నూరు మీటర్ల ఎత్తున నిలిచిన నీటి అడుగున చదరపు సెంటీమీటరుకు సుమారు 10 కిలోల ప్రెషరు ఉంటుంది. ఆపదలో కాలు బలంగా వేసి బ్రేకు తొక్కితే ఈ చిటికెనవేలు గొట్టంలో పుట్టే ప్రెషరు 70 కిలోలు దాటవచ్చు. అంటే 700 మీటర్ల నీటి బరువు. అంత ఉక్కుతో చేసిన పెన్‌స్టాక్‌ని చూసి అబ్బురపడతాం. రబ్బరూ, నూలు అల్లికా, మళ్ళీ రబ్బరూ పొరలు పొరలుగా చుట్టిన ఈ గొట్టం వైపు ఎన్నేళ్ళైనా తొంగిచూడం.

అసలు ఇక్కడ రబ్బరు ఎందుకు? చక్రం పైకీ కిందికీ ఊగాలి, ముందు చక్రమైతే పక్కలకీ తిరగాలి. ఇనప పైపు అలా వంగితే కొద్దిరోజుల్లోనే విరుగుతుంది. అందుకే ఫ్రేము దాకా ఇనుము, అక్కణ్ణుంచి రబ్బరు. ఆయిలుతో నడిచే బ్రేకులకు అమెరికాలో మాల్కం లాక్‌హీడ్ 1917లో పేటెంటు తీసుకున్నాడు. ఆ పేరు విమానాల కంపెనీగా చాలామందికి తెలుసు, అది ఆయన సోదరుడు నడిపించినది. 1921లో డ్యూసెన్‌బర్గ్ కారు నాలుగు చక్రాలకూ ఆ బ్రేకులతో మార్కెట్లోకి వచ్చింది. ఆ విద్యే ఇంగ్లండులో మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మీదుగా 1950ల చివర్లో కలకత్తా పక్క ఉత్తరపారాకు చేరి అంబాసిడర్ అయింది. 2014లో అక్కడ తయారీ ఆగింది. బళ్ళు మాత్రం ఆగలేదు, ఈ కొండల్లో అసలు ఆగలేదు.

మేస్త్రి వైరు బ్రష్షుతో నట్టు చుట్టూ మట్టి గీకుతున్నాడు. ఈ పని ఎంత సేపు చేస్తే తర్వాత పని అంత తేలిక. ఒక్క ఇసక రేణువు లైనులోకి పోయినా అది సిలిండరు రబ్బరుని కోసేస్తుంది. గీకడమయ్యాక తుప్పు వదిలించే స్ప్రే కొట్టి, పానాతో ఇటూ అటూ మెల్లగా తట్టి, వదిలేశాడు. "నాననీండి." బండిలోని బ్రేకాయిలు డబ్బా మూత తీసి, నోటికి పాలిథీన్ కవరు ముక్క పరిచి మళ్ళీ బిగించాడు. గాలి చొరబడకపోతే కింద పైపు తెరిచినా ఆయిలు ధారగా కారదు.

నట్టు నానింది. ఇక్కడ మామూలు పానా వేస్తే మెత్తటి నట్టు మూలలు అరిగి గుండ్రంగా అయిపోతుంది, ఆ తర్వాత ఇనప పైపు కూడా కోసి మార్చాల్సిందే. అందుకని నోటి దగ్గర చీలిక ఉన్న రింగు పానా తీశాడు. పైపు మీంచి తొడిగితే నట్టుని చుట్టూ పట్టుకుంటుంది. ఎడమచేత్తో ఇంకో పానా గొట్టం మీద ఆరుపలకల చోట వేసి కదలకుండా అదిమాడు. గొట్టం తిరిగితే దానితోపాటు ఇనప పైపు మెలిపడి విరుగుతుంది. కుడిచెయ్యి మణికట్టు దగ్గర నరాలు ఉబ్బాయి. "టిక్" మని చిన్న చప్పుడు. వచ్చేసింది.

దాని తర్వాత వరస ఇది. ఇనప పైపు వేరు చేశాక, బ్రాకెట్ని పట్టుకున్న పెద్ద నట్టూ పళ్ళ వాచరూ తీయడం. గొట్టం పై కొసను బ్రాకెట్లోంచి కిందికి లాగడం. అప్పుడు గొట్టం మొత్తాన్ని తిప్పుతూ సిలిండరు నుంచి మర విప్పడం. తొందరపడి కింది కొస ముందు విప్పబోతే గొట్టం మెలికలు పడుతుంది. కొత్తది బిగించేటప్పుడు ఇదే వరస తిరగేయాలి.

పాత గొట్టాన్ని రంపపు బ్లేడుతో మధ్యకు కోసి నా చేతిలో పెట్టాడు మేస్త్రి. కొత్తదాని రంధ్రం మూడు మిల్లీమీటర్ల పైన ఉంటుంది, అగ్గిపుల్ల సులువుగా దూరుతుంది. దీనిలో వెలుతురుకి పెట్టి చూస్తే సూదిబెజ్జమంత చుక్క. లోపలి గోడ నుంచి ఒక పలచటి పొర లేచి, ఒకవైపే తెరుచుకునే తలుపులా వాలి ఉంది. పై రబ్బరు మీద గోరుతో గీస్తే గీత కూడా పడలేదు.

ఒకటే చెడింది కదా, ఒకటే మారుద్దామా అని ఎవరైనా అడుగుతారు. మేస్త్రి మాటా నా మాటా ఒకటే: మూడూ మార్చాలి. అంబాసిడర్‌కి ముందు రెండు, వెనక ఇరుసు దగ్గర ఒకటి. మూడూ ఒకే ఏడు బిగించినవి, ఒకే ఎండా ఒకే వానా తిన్నవి. ఒకదాని లోపల పొర లేచిందంటే మిగతా రెండూ ఆ దారిలోనే ఉన్నాయి. పైగా ఒక ముందు చక్రానికి కొత్త గొట్టం, రెండోదానికి పాతది ఉంటే బ్రేకు పట్టు సమంగా రాదు. ఇప్పుడు వానలొస్తున్నాయి. నర్సీపట్నం ఇక్కణ్ణుంచి కొన్ని గంటల దూరం. చింతపల్లి దాటేదాకా సరైన స్పేరు పార్టు దొరుకుతుందన్న భరోసా లేదు.

కొత్త గొట్టాలు విశాఖ నుంచి తెప్పించినవి. పొట్లం విప్పగానే మేస్త్రి మొదట చూసింది వాటి మీద అచ్చయిన తయారీ తేదీ. ఆగిపోయిన బండి పార్టులు షాపు అరల్లో ఏళ్ళ తరబడి పడి ఉంటాయి, రబ్బరు వాడకపోయినా ముసలిదవుతుంది. తర్వాత రెండు కొసల్లోంచీ వెలుతురు చూశాడు, మరలు పాతవాటితో పోల్చాడు, పొడవు పక్కపక్కన పెట్టి కొలిచాడు. గొట్టం పొడవునా ఒక తెల్ల గీత ఉంది. అది అలంకారం కాదు. బిగించాక ఆ గీత నిటారుగా కనబడాలి. తాడులా మెలితిరిగి కనబడితే గొట్టం మెలిపడిందని అర్థం, విప్పి మళ్ళీ చేయాలి.

ముందు సిలిండరు కొస. పాత రాగి వాచరు పారేసి కొత్తది వేశాడు. రాగి ఒకసారి నలిగి ఆ చోటుకు సరిపోయాక రెండోసారి నమ్మలేం. వేళ్ళతో మర పట్టించి, గొట్టం మొత్తాన్ని తిప్పుతూ బిగించాడు. తర్వాత పై కొసను బ్రాకెట్లో దూర్చి, గీత చూసుకుని, పానాతో ఆరుపలకల చోట పట్టుకుని నట్టు బిగించాడు. చివరికి ఇనప పైపు: దాన్ని ముందు వేళ్ళతోనే నాలుగు చుట్లు తిప్పాలి. వేళ్ళకు రాకపోతే మర అడ్డం పడిందన్నమాట, పానా వేయకూడదు.

"స్టీరింగు కుడికి మొత్తం తిప్పీండి... ఇప్పుడు ఎడమకి."

చక్రం తాత్కాలికంగా పెట్టి రెండు వైపులా చివరి దాకా తిప్పాం. గొట్టం టైరుకీ ఫ్రేముకీ తగలడం లేదు, ఎక్కడా బిగుసుకుపోవడం లేదు. లోపలికి వేలు పెట్టి సందు చూశాడు. ఈ ఘాటులో మలుపుకోసారి స్టీరింగు చివరి దాకా తిరుగుతుంది. అక్కడ కాస్త రాసుకున్నా ఒక్క వానాకాలంలో అల్లిక బయటపడుతుంది.

ఎడమ చక్రం తొందరగానే అయింది. వెనకది మాత్రం విసిగించింది. హ్యాండు బ్రేకు వెనక షూలనే పట్టుకుంటుంది కాబట్టి దాన్ని వదిలేసి, ముందు చక్రాలకు రాళ్ళు గట్టిగా కొట్టి, బండి కింద వీపు మీద పడుకుని చేశాడు. ఇరుసు మీద పేరుకున్న మట్టి రెప్పల మీద రాలుతుంటే కళ్ళు మూసుకుని, చేతివేళ్ళతోనే నట్టు వెతుక్కున్నాడు. నేను టార్చి పట్టుకున్నాను.

ఇక గాలి తీయడం. నేను డ్రైవరు సీట్లో, మేస్త్రి ఎడమ వెనక చక్రం దగ్గర. మాస్టర్ సిలిండరుకు అన్నిటికన్నా దూరం అదే. బ్లీడర్ నిపిల్‌కి పారదర్శకమైన సెలైను గొట్టం తొడిగి, రెండో కొస కొంచెం కొత్త ఆయిలున్న సీసాలో ముంచాడు. ఆయిలు అప్పుడే సీలు తీసిన డబ్బాలోది. ఈ ఆయిలుకి గాల్లోని తేమ పీల్చుకునే గుణం ఉంది, సీలేరు వానాకాలపు గాలిలో తేమకు లోటేం లేదు. సగం వాడి అటక మీద పెట్టిన డబ్బా బ్రేకులకు పనికిరాదు. ఇంజనాయిలు, డీజిలు అసలే తగలకూడదు. లైనులోని రబ్బరంతా ఉబ్బి పాడవుతుంది.

"తొక్కీండి... వదిలీండి... తొక్కీండి... వదిలీండి... తొక్కి పట్టీండి!"

పట్టాను. వెనక నిపిల్ తెరుచుకున్న చప్పుడు, కాలి కింద పెడల్ మెల్లగా నేల దాకా దిగిపోయింది.

"వదలకండి... వదలకండి... బిగించీసేను. ఇప్పుడు వదిలీండి."

నిపిల్ తెరిచి ఉండగా కాలు తీస్తే లైను మళ్ళీ గాలి పీలుస్తుంది, చేసిందంతా వృథా. అందుకే ఈ పనిలో ఇద్దరి మాట ఒకటిగా నడవాలి. మొదట వచ్చిన ఆయిలు కాఫీ డికాషను రంగులో ఉంది. తర్వాత బుడగలు, పెద్దవీ చిన్నవీ వరసగా. ప్రతి నాలుగైదు సార్లకూ దిగి వెళ్ళి బండిలోని డబ్బా నింపాను. అది ఖాళీ అయితే పైనుంచి గాలి పోతుంది. బుడగలు ఆగి ఆయిలు తేట తేనె రంగుకు వచ్చాక కుడి వెనక, ఆ తర్వాత ఎడమ ముందు, చివర కుడి ముందు. సీసాలో చేరిన ఆయిల్ని మళ్ళీ డబ్బాలో పోయనివ్వలేదు మేస్త్రి. ఫెండరు మీద పడ్డ చుక్కల మీద వెంటనే చెంబుడు నీళ్ళు కుమ్మరించాడు, లేకపోతే పెయింటు లేచిపోతుంది.

ఇప్పుడు పెడల్ సగంలోపే ఆగుతోంది, రాయిలా గట్టిగా. "అలాగే నొక్కి పట్టుకుని ఉండండి," అని తెల్ల కాగితం ముక్కలతో ఆరు జాయింట్లూ తుడిచి చూశాడు. కాగితం పొడిగా వచ్చింది. కుడి ముందు చక్రం ఎత్తి, తొక్కి, వదిలాం. చేత్తో తోస్తే తిరిగింది.

ఊళ్ళో రోడ్డు మీద మెల్లగా నాలుగుసార్లు ఆపి చూసి, ధారకొండ వైపు ఘాటు ఎక్కాం. పైన తిప్పుకుని, ఎక్కిన గేరులోనే దిగాం. మలుపు ముందు కాలు వేసి, వేగం తగ్గగానే తీసేయడం. పెడల్ మీద కాలు ఆనించి ఉంచడం లేదు. స్టీరింగు రెండు వేళ్ళతో పట్టుకున్నా బండి నిటారుగా ఆగుతోంది. కింద దిగి నాలుగు డ్రమ్ముల దగ్గరా చెయ్యి పెట్టాం. ముందువి రెండూ ఒకే వేడి.

"రేపు పొద్దున బండి సల్లగున్నప్పుడు ఈ కాగితం మళ్ళీ పెడదాం. తడి కనబడితే కదిపీకండి," అంటూ మేస్త్రి చేతులు కడుక్కుంటుండగానే సర్వీసు జీపొకటి వచ్చి ఆగింది. లోపల పదిమంది దాకా, టాపు మీద సంత సామాను. డ్రైవరు కుర్రాడు టైరు పంచరేమో చూడమంటున్నాడు. మేస్త్రి టైరు చూసి, అలాగే చెయ్యి లోపలికి పోనిచ్చి హోసు తడిమాడు.

"ఇదెప్పుడు మార్చేవురా?"

"బండి కొన్నప్పట్నుంచీ అదే ఉంది మావా."

"అయితే అందర్నీ దింపీ. జాకీ తే."